ఎవరూ అడగని గది

పోయిన వారం అక్కని మెట్ల మధ్యలో, చేతిలో తడి గొడుగుతో, మొగుడి మొహంలోకి చూస్తూ నిలబడ్డ చోట వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా ఆమె అక్కడే నిలబడి ఉందనుకోకండి. ఇంటికెళ్ళింది, వంట చేసింది, పనికి కూడా వెళ్ళింది. మనసు మాత్రం ఆ మెట్ల మీదే ఉండిపోయింది.

మర్చిపోయినవాళ్ళ కోసం, కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అక్క కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. పళ్ళ డాక్టర్లు పంపిన అచ్చుల్లో మైనం పోసి, పన్ను పక్కన పన్ను పేర్చి, ఎవరి నోరు వాళ్ళకి తిరిగి ఇవ్వడం ఆమె వృత్తి. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఆమె పళ్ళ మనిషి కాదు. టైలరు షాపు పైగదిలో సైన్స్ ఫిక్షన్ పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరే సంఘానికి పెద్ద. కింద షాపులో టైలరు వీళ్ళని గ్రహాలు పట్టినవాళ్ళంటాడు. అంటూనే అద్దె పెంచకుండా గది ఇస్తాడు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఆ సంఘం పెట్టింది అక్క తమ్ముడు. ఏడాదిన్నర కిందట ఒక బస్సు మలుపు దగ్గర వంతెన గోడకి గుద్దుకుంది. చాలామందికి దెబ్బలు తగిలాయి గానీ ప్రాణం పోయింది అతనొక్కడికే. అక్కడికక్కడే పోయాడనీ, నొప్పి కూడా తెలిసి ఉండదనీ అందరూ అక్కకి చెప్పారు. బ్రేకులు పట్టలేదు, డ్రైవరు తప్పేం లేదని కోర్టు తేల్చింది. అక్క కోర్టు గడప తొక్కలేదు. తిరిగిందంతా ఆమె భర్తే. పోయిన ఆదివారం వాన పడుతోందని గొడుగు పట్టుకుని పెళ్ళాం కోసం వచ్చిన ఆ పెద్దమనిషి, మెట్లు దిగుతున్న ఒక మనిషిని చూసి గోడకి అతుక్కుపోయాడు. దిగినవాడు సంఘంలో నాలుగు నెలల కిందట చేరిన కొత్త సభ్యుడు. మాట నెమ్మది, నడక నెమ్మది కాబట్టి సంఘం అతనికి నిదానం అని పేరు పెట్టుకుంది.

"ఆ రోజు బస్సు నడిపింది వీడే," అన్నాడు భర్త.

అక్కడితో ఆగాం. ఇక ఈ వారం.

సోమవారం నుంచి శనివారం దాకా అక్క చేతులు ఆమె మాట వినలేదు. ఎడమ పక్క పెట్టాల్సిన దవడ పళ్ళు కుడి పక్క పెట్టి, నున్నగా మెరుగు కూడా పట్టి, డబ్బాలో పెట్టి పంపేసింది. డాక్టరుగారు ఫోన్ చేశారు. "అమ్మా, ఈ సెట్టు పెట్టుకుంటే మా పేషెంటు చెవితో నమలాలి," అన్నారు. ఇంకో రోజైతే పది నిమిషాలు నవ్వుకునేది. ఆ రోజు సారీ చెప్పి ఫోన్ పెట్టేసి, మైనం కరిగే గిన్నె కింద మంట ఆర్పడం మర్చిపోయి, కాలిన వాసన వచ్చేదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

ఆదివారం చెప్పులు వేసుకుంటుంటే భర్త అడ్డొచ్చాడు.

"నేనూ వస్తాను. గదిలోకి రానులే. మెట్ల దగ్గరే మెడ పట్టుకుంటా."

"మీరు రాకండి. అది మా గది. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావ్? వారం నుంచి అన్నం కూడా సరిగ్గా తినట్లేదు నువ్వు."

 ఆమె రెండో చెప్పు కూడా వేసుకుని వీధిలో పడింది. ఆ నిదానాన్ని ఇంక గదిలోకి రానివ్వకూడదు. ఆమెకి తెలిసింది అదొక్కటే. తమ్ముడు పెట్టిన గదిలో, తమ్ముడు మోసుకొచ్చిన కుర్చీల్లో, తమ్ముణ్ణి గోడకి కొట్టిన మనిషి కూర్చుని టీ తాగడం ఇంక చూడటం ఆమె వల్ల కాదు. ఇన్నాళ్ళూ చూసింది, ఆ టీ తనే పోసి ఇచ్చింది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి తన చేతుల మీద తనకే అసహ్యం వేస్తోంది.

గది ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. కింద కుట్టుమిషన్ల చప్పుడు నేలలోంచి అరికాళ్ళకి తెలుస్తూ ఉంటుంది. టైలరు వద్దనుకున్న పొడుగు బల్ల మధ్యలో ఉంటుంది, దాని మీద ఎప్పటివో సుద్దగీతలు. ఒకదానికొకటి పోలిక లేని కుర్చీలు. అట్టలు ఊడిపోయిన పుస్తకాల బీరువా. తలుపు పైన గోడ మీద నీలం రంగుతో మూడు లైన్లు. మెట్లెక్కి వచ్చినవాళ్ళెవరూ పరాయివాళ్ళు కారు. బయట నువ్వెవరో లోపల ఎవరూ అడగరు. ముగింపు ముందుగా ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. చివరి లైనుకి చోటు చాలక అక్షరాలు కిందికి జారాయి. తమ్ముడి చేతిరాత ఎప్పుడూ అంతే, మొదట్లో ధీమా, చివర్లో ఇరుకు.

అక్క వెళ్ళేసరికి రేడియో మాస్టారు ఒక్కరే ఉన్నారు. ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. మొదలుపెడితే ఆపడానికి మీట దొరకదు కాబట్టి ఆ పేరు. కుర్చీలు సర్దుతూ, కాంతి వేగం గురించి ఖాళీ గదికే ఏదో వివరిస్తున్నారు.

"మాస్టారూ, మీతో ఒక మాట చెప్పాలి. వాళ్ళు రాకముందే."

చెప్పింది. నిలబడే చెప్పింది. భర్త ఎవర్ని చూశాడో, ఏమన్నాడో, వారమంతా ఎలా గడిచిందో. అంతా విని మాస్టారు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు. ఆ గదిలో రేడియో మూగబోవడం అదే మొదటిసారి. ఆయన చేతిలో ఉన్న కుర్చీ ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డారు.

"అతనే అని గట్టిగా చెప్పాడా మీ ఆయన?"

"కోర్టులో అన్నిసార్లు ఎదురుగా నిలబడ్డ మనిషిని మర్చిపోతారా?"

"కోర్టు తప్పు లేదంది కదమ్మా."

"కోర్టు అంది. నేననలేదు."

మాస్టారు కుర్చీ దించారు. "అతనికి నువ్వెవరో తెలుసా?"

"తెలీదనుకుంటా. తెలిస్తే ఏ మొహం పెట్టుకుని వస్తాడు?"

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్ తల్లీ?"

"ఇంక రావద్దని చెప్పండి. కారణం చెప్పకండి. కొంచెం గౌరవంగానే చెప్పండి. అంతే నేను అడిగేది."

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. తుడిచిన అద్దాలే మళ్ళీ తుడిచారు. ఆయనకి తమ్ముడంటే ప్రాణం. క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, పాఠం మధ్యలో లేచి, వెలుతురుకి అలసట ఉంటుందా సార్ అని అడిగిన పిల్లాడని ఇప్పటికీ చెప్పుకుని మురిసిపోతారు.

"చెప్తాను," అన్నారు చివరికి. "నీ మాట నేను కాదనను. కానీ ముందు ఆ గోడ మీద మొదటి లైను చెరిపెయ్యి. టైలరు దగ్గర సున్నం ఉంటుంది, నేనే తెస్తా. అది అలా ఉండగా, దాని కింద నిలబడి ఒక మనిషిని రావద్దనడానికి నాకు నాలుక తిరగదమ్మా."

అక్క గోడ వైపు చూసింది.

ఆ అక్షరాలు రాసిన రోజు తమ్ముడు ఈ బల్లే ఎక్కాడు. బల్ల ఊగకుండా ఆమె కాళ్ళు పట్టుకుంది. బల్ల కాళ్ళు పట్టుకోమంటే నా కాళ్ళు పట్టుకున్నావేంటే అక్కా, ఏం వరం కావాలి అని వాడు నవ్వి, నవ్వులో బ్రష్షు విదిలించి, ఆమె జుట్టంతా నీలం చేశాడు. రంగు ఎంతకీ వదలక జుట్టు కత్తిరించుకోవాల్సొచ్చింది. నాలుగు రోజులు వాడితో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులు ఇప్పుడు ఎవరైనా తిరిగిస్తే బాగుండునని ఆమెకి ఎన్నిసార్లనిపించిందో లెక్కలేదు.

వాడి చేతిరాత ఇంకెక్కడా మిగల్లేదు. దాని మీద సున్నం ఎలా కొడుతుంది?

"మీరు అన్యాయం చేస్తున్నారు మాస్టారూ."

"నేనా?" ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "గురుత్వం వచ్చిన రోజు గుర్తుందా నీకు?"

ఎందుకు గుర్తుండదు? గురుత్వం బేకరీలో రొట్టెలు కాల్చే మనిషి. ఒళ్ళు చూసి పెట్టిన పేరు. మొదటిసారి వచ్చినప్పుడు అతను జైలు నుంచి విడుదలై వారం కాలేదు. ఎవరో గుర్తుపట్టి గుసగుస మొదలుపెట్టారు. నలుగురైదుగురు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

"అందరం వెనకాడుతుంటే ఒంటికాలి మీద లేచింది ఎవరు?"

"నేనే."

"ఏమన్నావ్ ఆ రోజు?"

 ఆ మాట ఇద్దరికీ కంఠతా వచ్చు. ఎక్కడో వేరే గ్రహం నుంచి ఎనిమిది కాళ్ళతో జీవి దిగితే కుర్చీ వేసి కూర్చోబెట్టాలని కథలు రాస్తాం, పక్క వీధిలోంచి రెండు కాళ్ళతో వచ్చిన మనిషికి కుర్చీ వెయ్యకపోతే మనం చదివిందంతా దేనికి అంది. తమ్ముడు లేచి ఆమెకి దండం పెట్టాడు. అక్కా, సంఘం నాది కాదు, నీది అన్నాడు. ఆ రోజు నుంచే ఆమె పెద్ద.

"ఆ మాట గురుత్వం కోసం అన్నాను. వీడి కోసం కాదు."

"అదే కదమ్మా చిక్కు," అన్నారు మాస్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వీడి కోసం కాదని ఒక్కసారి అంటే, ఇంక ఎవరి కోసమూ కాదు అది. నాకు మాత్రం వాణ్ణి చూస్తూ కూర్చోవాలని ఉందా? నువ్వు సున్నం కొట్టు, నేను ఇప్పుడే కింద నిలబడి పంపించేస్తా. కొట్టగలవా చెప్పు."

కొట్టలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. తను కట్టిన గోడే తనకి అడ్డు నిలబడితే మనిషి ఎవర్ని తిడుతుంది? మాస్టార్ని తిట్టడానికి లేదు. పోయిన తమ్ముణ్ణి తిట్టడానికి అసలే లేదు. 

మెట్ల మీద అడుగులు వినిపించాయి. ముందు గురుత్వం వచ్చాడు, రొట్టెల డబ్బా ముందు, మనిషి వెనక. తర్వాత మిగతావాళ్ళు ఒక్కొక్కరుగా వచ్చి, గొడుగులు మూలన పెట్టి, కుర్చీల కోసం తోసుకున్నారు. అందరి తర్వాత, ఒక్కో మెట్టు మీద కాస్త ఆగుతూ, నిదానం వచ్చాడు.

అక్క అతన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. యాభై దాటిన మనిషి. నెరిసిన జుట్టు నున్నగా దువ్వుకున్నాడు. ఎప్పటిలాగే తలుపు పక్క కుర్చీలో, సగం కుర్చీ మీదే కూర్చున్నాడు. ఈ మనిషి భయంకరంగా ఉంటే ఎంత బాగుండేది అనుకుంది. భయంకరంగా లేడు. ఎవరో తడి గొడుగు జారి పడితే తీసి నిలబెట్టాడు.

"ఇవాళ వంతు నీదే అన్నా," అన్నాడు గురుత్వం రొట్టె అందిస్తూ. "మూడుసార్లు తప్పించుకున్నావ్. ఇంక నీ పప్పులుడకవు. కథ చెప్పాల్సిందే."

బల్ల చుట్టూ అందరూ ఉత్సాహంగా గోల చేశారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఒక కథ చెప్పాలి, అది ఆ గది ఆనవాయితీ. నిదానం రెండు చేతులూ మోకాళ్ళ మీద తుడుచుకున్నాడు.

"రాయడం నావల్ల కాలేదు. నోటితో చెప్తాను. తప్పులుంటే క్షమించండి."

"చెప్పు చెప్పు."

అక్క లేచి వెళ్ళిపోదామనుకుంది. సగం లేచి మళ్ళీ కూర్చుంది. మాస్టారు బల్ల మీద సుద్దగీతల్ని వేలితో రుద్దుతూ తల దించుకున్నారు.

"ఒక ఓడ," అని మొదలుపెట్టాడు నిదానం. "ఆకాశంలో పోయే ఓడ. రోజూ అదే దారి. ఈ గ్రహం నుంచి ఆ గ్రహానికి మనుషుల్ని దించడం, ఎక్కించుకోవడం. దాన్ని నడిపేవాడు పాతికేళ్ళుగా అదే పని చేస్తున్నాడు. చుక్కల్లో తిరుగుతాడన్న మాటేగానీ, వాడెప్పుడూ చుక్కల్ని చూళ్ళేదు. దారే చూస్తాడు. దారి తప్ప ఇంకేం చూడకూడదు, అది వాడి ఉద్యోగం."

గురుత్వం బాగుందన్నట్టు తలూపాడు.

"ఒకరోజు ఓడ నిండిపోయింది. ఒక కుర్రాడు వచ్చి నడిపేవాడి సీటు పక్కనే నిలబడ్డాడు. అక్కడ నిలబడకూడదు. నడిపేవాడు చెప్పాడు కూడా. కుర్రాడు నవ్వాడు. నవ్వితే ఏమనగలం? చంకలో పుస్తకాల సంచీ. దారి పొడుగునా ఒకటే మాటలు. నడిపేవాడికి కూడా బానే ఉంది. పాతికేళ్ళలో వాడితో ఎవరూ మాట్లాడలేదు మరి. టికెట్టు అడుగుతారు, చిల్లర అడుగుతారు, ఎందుకు లేటైందని అడుగుతారు. ఆ కుర్రాడు వేరేది అడిగాడు."

అక్క బల్ల అంచు పట్టుకుంది.

"అన్నా, నీకొక కొత్త గ్రహం ఇచ్చి, ఇది నీదే పో అంటే, అక్కడ మొట్టమొదట ఏం పెడతావ్, అనడిగాడు."

గదిలో ఎవరో చిన్నగా నవ్వబోయి ఆగిపోయారు. ఆ ప్రశ్న ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు. పాలవాణ్ణి, పోస్టుమాన్‌ని, పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతుర్ని కూడా తమ్ముడు అదే అడిగాడు. గురుత్వం చేతిలో రొట్టె నోటిదాకా వెళ్ళి ఆగింది. మాస్టారి వేలు గీత మీద ఆగింది. వాళ్ళకి ఇప్పుడిప్పుడే ఏదో తెలుస్తోంది, ఇంకా పూర్తిగా తెలియలేదు.

నిదానం ఎవరి వైపూ చూడటం లేదు. కిటికీ వైపు చూస్తూ చెబుతున్నాడు.

"నడిపేవాడికి నవ్వొచ్చింది. జవాబు కూడా వెంటనే తట్టింది. చెబుదామని తల తిప్పాడు."

కుర్చీ అంచుకి ఇంకాస్త జరిగాడు.

"ఊరికే అలా తిప్పాడు. రెప్పపాటు. మళ్ళీ దారి చూసేసరికి దారి లేదు. బ్రేకు తొక్కాడు. పట్టలేదు. పట్టలేదన్నది నిజమే. తల తిప్పకపోతే ఇంకాస్త ముందే తొక్కేవాడు, అదీ నిజమే. బ్రేకు సంగతి అందరూ అడిగారు. తల సంగతి ఎవరూ అడగలేదు."

కింద కుట్టుమిషన్ ఒకటి గడగడమని పరుగెత్తి ఆగింది.

"అందరూ ఏడుస్తున్నారు, అరుస్తున్నారు. కుర్రాడు మాత్రం ఏం అరవలేదు. నడిపేవాడు పాక్కుంటూ వెళ్ళి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. కుర్రాడు కళ్ళు మూసుకున్నాడు, పోయాడనుకున్నాడు నడిపేవాడు. పోలేదు. కళ్ళు తెరిచాడు. నడిపేవాణ్ణి గుర్తుపట్టాడు. పెదాలు తడి చేసుకుని ఒక మాట అన్నాడు."

నిదానం ఆగాడు. చేతులు మళ్ళీ మోకాళ్ళకి తుడుచుకున్నాడు.

"ఇవాళ్టికి ఇంతే. మిగతాది వచ్చే వారం చెప్తాను."

ఆ గదిలో కథ ఎక్కడ ఆగితే అక్కడ సంఘం పెద్ద ఆగుదాం అనాలి. అనగానే అందరూ అరచేత్తో బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టాలి. అంటే మిగతాది అడగం అని మాట ఇచ్చినట్టు. ఎంత ఉత్కంఠ ఉన్నా ఎవరూ నోరు మెదపకూడదు. చెప్పేవాడికి తన కథని తన తీరులో ముగించే హక్కు ఉండాలని తమ్ముడి పట్టుదల. అలవాటు కొద్దీ చేతులన్నీ లేచాయి. బల్లకి జానెడు ఎత్తున ఆగి, అక్క మాట కోసం చూస్తున్నాయి.

అక్కడికక్కడే పోయాడన్నారు. నొప్పి తెలిసి ఉండదన్నారు. ఏడాదిన్నరగా ఆ ఒక్క మాట పట్టుకుని నిద్రపోతోంది ఆమె. కళ్ళు తెరిచాడట. ఎవర్నో గుర్తుపట్టాడట. ఏదో అన్నాడట. ఆ మాట ఈ భూమ్మీద ఒక్క మనిషి దగ్గరే ఉంది. ఇందాక రావద్దని చెప్పించాలనుకున్న మనిషి దగ్గర.

"ఆగుదాం అనమ్మా," అన్నారు మాస్టారు, దాదాపు బతిమాలుతూ.

అక్క నోరు తెరిచింది. ఆగుదాం అనాలనే తెరిచింది. వచ్చింది వేరే మాట.

"మా తమ్ముడు ఏమన్నాడు?"

లేచిన చేతులు లేచినట్టే ఉండిపోయాయి. గురుత్వం చేతిలో రొట్టె బల్ల మీద పడింది. నిదానం కిటికీ వైపు నుంచి తల తిప్పి, మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. అతని మొహంలో ఆశ్చర్యం లేదు. అక్క బల్ల మీదికి వంగింది.

"నీకు తెలుసా నేనెవరో?"

"తెలుసమ్మా. ఈ గది గురించి, మీ గురించి ఆ కుర్రాడే దారిలో చెప్పాడు. తెలిసే వచ్చాను." నెమ్మదిగా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పాడు. "కోర్టులో ఎవరూ అడగలేదు. మా ఇంట్లో చెప్పనివ్వలేదు. ఇక్కడికొస్తే మీరైనా అడుగుతారని వచ్చాను. నువ్వెవరు, ఏం పని చేస్తావ్ అని ఒక్కరు అడిగినా మొదటిరోజే చెప్పేసేవాణ్ణి. ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరని నాకు తెలీదు. ప్రతి ఆదివారం మీరు టీ ఇచ్చారు. తాగి వెళ్ళిపోయాను."

మాస్టారు గోడ మీది రెండో లైను వైపు చూసి, వెంటనే చూపు దించేసుకున్నారు.

"ఏమన్నాడో చెప్పు," అంది అక్క. అది ఆజ్ఞలా లేదు. అడుక్కుంటున్నట్టుంది.

"చెప్తాను. మీరు అడిగాక చెప్పకుండా ఉండలేను." నిదానం లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి అప్పుడే తలుపు మీద ఉంది. "కానీ ఒక్కటి. అది విన్నాక మీరే నన్ను ఈ గదిలోంచి పొమ్మంటారు. నాకింక వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. పొమ్మననని ఒక్క మాట ఇవ్వండి, చెప్పేస్తాను."

అందరూ ఆమె వైపు చూశారు. ఆ మాట ఆమెకి కొత్తది కాదు. తలుపు పైన నీలం రంగులో పెద్ద అక్షరాలతో ఉన్న మాటే. కావాలంటే చూసి చదివినా చాలు.

ఆమెకి నోరు పెగల్లేదు.